వెయ్యి ముక్కల సాక్ష్యం

వెంకటప్పయ్య మెట్ల కింద బోర్లా పడి ఉన్నాడు.

తల వెనుక రెండు దెబ్బలు. ఒక్కటే అయితే జారిపడ్డాడని అనుకోవచ్చు. జారిపడినవాడికి రెండోది తగలదు.

పర్ణశాలలో, గోదావరి ఒడ్డున, అడవి మొదలయ్యే చోట కట్టుకున్న ఇల్లు అది. తల్లాడలో మిర్చి పండించే రైతుకి ఇక్కడ ఇల్లెందుకని అడిగితే బంధువులంతా ఒకటే చెప్పారు, నవ్వు ఆపుకుంటూ.

"బొమ్మలు పేర్చుకోవటానికండీ."

పై గది నిండా అట్టపెట్టెలు. గోడ కనపడకుండా అరలు. అన్నీ జిగ్సా పజిల్సే. ఒక బొమ్మను వందల ముక్కలుగా కోసి పెట్టెలో పోసి అమ్ముతారు. కొన్నవాడు రోజుల తరబడి కూర్చుని ఆ ముక్కల్ని మళ్ళీ బొమ్మగా చేస్తాడు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఆతియా ఆ అరల వైపు ఓసారి చూసింది.

"కోసినోనికి పని లేదు. కూర్చేటోనికి అంతకన్నా పని లేదు" అంది.

ఎస్.ఐ. సీతయ్యకి ఆ పెట్టెలతో నిమిత్తం లేదు. అతని దృష్టిలో కేసు అప్పటికే అయిపోయింది.

"కాపలా ఉండే హరిలాల్ మేడమ్, తండావోడు. ఆదివారం ఇద్దరికీ పెద్ద లొల్లి అయింది. ఊరంతా విన్నరు. తీసుకొచ్చి కూసోబెట్టిన."

"లొల్లి దేనికి?"

"వీని మేక పై గదిలకు పోయి ఓ అట్టముక్క నమిలిందట. పెద్దాయన ఎగిరిండు. వీడు ఎదురు మాట్లాడిండు. తెల్లారి సంపిండు."

"అట్టముక్క కోసం మనిషిని సంపిండంటవ్?"

"గీళ్ళ సంగతి అంతే కద మేడమ్."

"గీళ్ళంటే?"

సీతయ్య కిటికీలోంచి గోదావరిని చూడసాగాడు. ఆతియా అతన్ని చూసిన చూపులో కోపం లేదు. కోపానికి అతను చాలడు.

హరిలాల్ వరండా చివర గోడకి ఆనుకుని కూర్చున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. ఎడమ చెంప వాచి ఉంది.

"శవాన్ని ఫస్ట్ చూసింది నువ్వేనా?"

"అవ్."

"ఎన్నింటికి?"

"రెండు దాటింది. సోమారం కద, సంతకు పోయిన. వచ్చి సూస్తే గిట్ల పడున్నడు."

"మేక సంగతేంది?"

"ముక్క తిన్నది నిజమే. తిట్టిండు. నేను గూడ అన్న. పొద్దుగూకినంక ఆయనే పిలిచి మేడ మీద కూసోబెట్టిండు. ముక్క పోయిన జాగ సూపిచ్చి, గుర్రం తోక పోయింది హరిలాలూ, మీ మేక పొట్టల తోక ఆడిస్తుంటది సూస్కో అని నవ్విండు."

"సీతయ్యకు చెప్పినవా?"

"చెప్పనిస్తే కద."

ఆతియా మళ్ళీ మేడెక్కింది. బల్ల మీద సగం పేర్చిన గుర్రం బొమ్మ. పక్కన రెండు టీ గ్లాసులు. ఒకటి ఖాళీ. రెండోది నిండుగా ఉంది, పైన మీగడ కట్టి.

మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండింటి మధ్య చనిపోయి ఉంటాడని డాక్టర్ చెప్పాడు. ఆ సమయంలో ఎవరో వచ్చారు. వెంకటప్పయ్య స్వయంగా టీ పెట్టి ఇచ్చేంత తెలిసినవాడు. ఆ టీని పెదవికి కూడా తాకించనివాడు.

"సీతయ్యా, హరిలాల్‌కు ఆయన టీ పెట్టిచ్చిండు, హరిలాల్ తాగకుండ సంపిండు. గంతేనా నీ కేసు?"

సీతయ్య చేతిలో టోపీ సర్దుకున్నాడు.

సాయంత్రానికి తల్లాడ నుంచి భార్య నిర్మలాదేవి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. అయినా అడిగినదానికి తిన్నగా సమాధానం చెప్పింది.

"ఆయనకు ఈ అలవాటు ఎవరు చేసిన్రు అమ్మా?"

"ఖమ్మంలో ఉదయ్ భాస్కర్ సార్ అండి. కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తారు. మా పాపను చేర్పించటానికి పోయినప్పుడు పరిచయం. ఆయన ఇంట్లో బొమ్మలు చూసి మా ఆయనకు మతిపోయింది. సార్, సార్ అంటూ వెనకాలే తిరిగారు."

"ఇద్దరికీ మంచిగనే ఉండెనా?"

నిర్మలాదేవి కొంగు వేళ్ళకు చుట్టుకుంది.

"హైదరాబాద్‌లో ఈ బొమ్మల ఎగ్జిబిషన్ పెడుతున్నారు. అక్కడ సార్ తన పాత చెక్క పజిల్ పెడతానన్నారు, నూరేళ్ళ కిందటిదని. మా ఆయన పది రోజుల కిందట దాన్ని చూసి వచ్చారు. సార్‌కు ఒకటి చెప్పాలి, నలుగుర్లో పరువు పోకముందే చెప్పాలి, ఎట్లా చెప్పాలో తెలుస్తలేదు అన్నారు. ఏందో నాకు చెప్పలేదండి."

మర్నాడు ఉదయం ఆతియా ఖమ్మంలో ఉంది.

ఉదయ్ భాస్కర్ తలుపు తీసి, యూనిఫాం చూసి, బూట్లు బయట విడవమన్నాడు. గదిలో ఎ.సి. ఉంది. అరల మీద పెట్టెలు దేశాల వారీగా, రంగుల వారీగా నిలబడి ఉన్నాయి. మధ్య బల్ల మీద పూర్తయిన బొమ్మ. ఏదో చలిదేశపు రేవు. రంగురంగుల పడవలు.

"మీ కానిస్టేబుల్ని బల్లకి ఆనుకోవద్దని చెప్పండి. వెయ్యి ముక్కలు. అతనికి అర్థం కాదు."

"వెంకటప్పయ్య చనిపోయిండు. తెలుసా?"

"విన్నాను. పాపం." ఆ మాట అంటూనే అరలోంచి ముందుకొచ్చిన పెట్టెని వేలితో లోపలికి నెట్టాడు. "మంచివాడు. కానీ ఇది అతని స్థాయి హాబీ కాదు. ముక్క చేతికొస్తే ఆకారం చూసేవాడు. బొడిపె ఎటుంది, గుంట ఎటుంది అని. అది నర్సరీ పిల్లల పద్ధతి. నేను బొమ్మ చూస్తాను. రంగు, నీడ, వెలుతురు. ముక్క ఆకారం నేను కన్నెత్తి చూడను."

"సోమవారం ఎక్కడున్నరు?"

"ఇక్కడే. సెలవు పెట్టాను. ఈ పజిల్ సీల్ ఆ ఉదయం ఏడింటికే తీశాను, డాక్టర్ ప్రసూన ముందు. సాయంత్రం ఏడింటికి ఆవిడ మళ్ళీ వచ్చేసరికి ఇలా ఉంది. పర్ణశాలకు వెళ్ళి రావడానికే రోజంతా పడుతుంది. వెయ్యి ముక్కలు ఎవరు పేర్చినట్టు? మీకు ఫిజిక్స్ అవసరం లేదు, కూడికలు చాలు."

"ఫోను?"

"పజిల్ చేసేటప్పుడు ఆఫ్. ఊరందరికీ తెలుసు."

కానిస్టేబుల్ వెళ్ళి ఎదురింటి కెమెరా చూసి వచ్చాడు. సోమవారమంతా అతని కారు కదల్లేదు. ఆతియా పూర్తయిన బొమ్మని ఫోన్లో ఫోటో తీసుకుంది.

"ఎంత చక్కగ ఉందో కద?" అన్నాడు ఉదయ్ భాస్కర్, ఆమె యాసని వెక్కిరిస్తూ.

"అవ్" అంది ఆతియా. "మీ లెక్కనే, ఒక్క మచ్చ లేదు."

డాక్టర్ ప్రసూన పళ్ళ డాక్టర్. నలభై ఏళ్ళ మనిషి. ఆమె కూడా పజిల్స్ పేరుస్తుంది. క్లినిక్‌లో రోగుల్ని బయట కూర్చోబెట్టి మాట్లాడింది.

"ఆయన బల్ల దగ్గరికి ఎవర్నీ రానివ్వరండీ. అలాంటిది ఆదివారం ఫోన్ చేసి, సీల్ తీస్తున్నాను రమ్మన్నారు. నాకు చాలా గొప్పగా అనిపించింది."

"సాయంత్రం మీ అంతట మీరే పోయిన్రా?"

"లేదు, అదీ ఆయనే రమ్మన్నారు. ఏడింటికి కచ్చితంగా రండి అన్నారు."

"అంతకుముందు ఎప్పుడన్న పిలిచిండా?"

ప్రసూన ముఖంలో గర్వం మెల్లగా తగ్గింది. "లేదు."

"పొద్దున ఏం చేసిన్రు?"

"కింది ఎడమ మూల. ముక్కలు ఆయన ఏరి ఇచ్చారు, నేను పెట్టాను. ఓ పదిహేను ఉంటాయి. ఫోటో కూడా తీసుకున్నా."

ఆ ఫోటో తన ఫోన్లో వేయించుకుని ఆతియా బస్టాండు ఎదురుగా టీ కొట్టు దగ్గర జీపు ఆపించింది. ప్రసూన తీసిన మూల ఒకటి. తను తీసిన మూల ఒకటి. అదే ఎర్ర పడవ. అదే తాడు. అదే నీటి నీడ.

ఆతియాకి పడవల మీద ఆసక్తి లేదు. వేలిముద్రలు చూసే అలవాటు మాత్రం ఉంది. పడవని వదిలేసి ముక్కల మధ్య గీతలు చూసింది.

టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. ఆమె స్టేషన్‌కు ఫోన్ కలిపింది.

"సీతయ్యా, భద్రాచలం బస్టాండు కెమెరా పట్టు. సోమవారంది. సెర్చ్ వారంట్ గూడ తెప్పియ్యి. జల్దీ."

గురువారం మధ్యాహ్నం ఉదయ్ భాస్కర్ గదిలో అందరూ ఉన్నారు. ప్రసూన, నిర్మలాదేవి, హరిలాల్, సీతయ్య, ఓ కానిస్టేబుల్. హరిలాల్ గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఇది నా ఇల్లు. సంతబజారు కాదు" అన్నాడు ఉదయ్ భాస్కర్.

"ఎక్కువ సేపు పట్టదు" అంది ఆతియా. రెండు ఫోటోలు పెద్దవిగా ప్రింట్ తీయించి బల్ల అంచున పక్కపక్కన పెట్టింది. "డాక్టర్ గారూ, ఇది మీరు పేర్చిన మూల కద?"

"అవును."

"మూల ముక్కకు పైన ఏముంది? బొడిపెనా, గుంటనా?"

ప్రసూన వంగి చూసింది. "బొడిపె."

"ఇప్పుడు బల్ల మీద ఉన్నది చూడుండ్రి."

ప్రసూన చూసింది. ఫోటో చూసింది. మళ్ళీ బల్ల వైపు చూసింది.

"గుంట ఉంది. పక్క ముక్క కూడా వేరుగా ఉంది. ఇది... ఇది నేను పేర్చింది కాదు!"

"కాదు. బొమ్మ ఒకటే. కోత వేరు. కంపెనీవాళ్ళు ఒకే బొమ్మను ఒకసారి ఒక అచ్చుతో కోస్తరు, ఇంకోసారి ఇంకో అచ్చుతో కోస్తరు. వాళ్ళకే ఫోన్ చేసి అడిగిన. ఈయన దగ్గర రెండు పెట్టెలున్నయి. ఒకటి ముందే పేర్చి దాచిపెట్టిండు. రెండోదాని సీల్ మీ ముందు తీసిండు. మీరు పోంగనే దాన్ని ఎత్తి దాచి, పేర్చింది బల్ల మీద పెట్టిండు. వెనక గల్లీల కెళ్ళి బస్సెక్కిండు."

"ఊహ!" ఉదయ్ భాస్కర్ నవ్వాడు. "రెండో పెట్టె ఎక్కడుంది?"

"మీ అటక మీద. పొద్దున మీరు కాలేజీల ఉన్నప్పుడు సాక్షుల ముందు దింపినం. నేనైతే దారిలనే గోదాట్ల పారేస్తుంటి. మీరు ఒక్క ముక్క గూడ పారెయ్యలేకపోయిన్రు. డాక్టర్ గారు పెట్టిన పదిహేను ముక్కలు గట్లనే అతికి ఉన్నయి."

సీతయ్య పెట్టె తెచ్చి మూత తీశాడు. ఎర్ర పడవ మూల చెక్కుచెదరకుండా ఉంది.

నిర్మలాదేవి ఆ పెట్టె వైపు చూసి లేచి నిలబడింది.

"ఇది మా ఆయన కొన్నది."

"పోయిన నెల సార్ పుట్టినరోజుకు తెచ్చారు. రెండు దుకాణాలు తిరిగి కొన్నారు. ఇచ్చి వచ్చి, సార్ దగ్గర అది ముందే ఉందట, నిర్మలా, అని ఎంత చిన్నబోయారో. దీంతోనా సార్? ఆయన ఇచ్చినదాంతోనా?"

ఉదయ్ భాస్కర్ ఆమె వైపు చూడలేదు.

ఆతియా మూడో ఫోటో పెట్టింది. భద్రాచలం బస్టాండు. టోపీ పెట్టుకున్న మనిషి, ఉక్కకు మాస్కు కిందికి లాగి నీళ్ళు తాగుతున్నాడు. ముఖం స్పష్టంగా ఉంది.

"పర్ణశాలకు రోజూ వందలమంది యాత్రికులు వస్తరు. టోపీ పెట్టినోన్ని ఎవరు చూస్తరు? సోమవారం హరిలాల్ సంతకు పోతడని మీకు తెలుసు. ఆయన మీకు టీ పెట్టిచ్చిండు. ఏమన్నడు? ఆ చెక్క పజిల్ సంగతేనా?"

ఉదయ్ భాస్కర్ నోరు విప్పాడు. గొంతులో పశ్చాత్తాపం లేదు. చిరాకు ఉంది.

"వారం ముందే చెప్పాడు, ఫోన్లో. అంచులు నల్లగా కాలి ఉన్నాయట, లేజర్‌తో కోసిందట, నూరేళ్ళది కాదట. ఎగ్జిబిషన్‌లో పెట్టొద్దు సార్, నేనెవరికీ చెప్పను అన్నాడు. నేనెవరికీ చెప్పనట! ఎవరు ఎవరికి? మిర్చి బస్తాలు మోసేవాడు నా మీద జాలి పడ్డాడు. నాకు! ముక్క పట్టుకోవడం నేర్పింది నేను!"

"ఆయన చెప్పింది నిజమేనా?"

అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"నిజమే అన్నట్టు" అంది ఆతియా. "నువ్వు చూడనని గొప్పలు చెప్పుకున్న ఆకారం, అంచులే ఆయన చూసిండు. కాబట్టి నీ దొంగ పజిల్ దొరికింది. నువ్వు చూడలే. కాబట్టి నువ్వు దొరికినవ్. ఇంత చిన్న మనిషివి, ఇంత పెద్ద గది ఎందుకయ్యా నీకు?"

సీతయ్య సంకెళ్ళు వేశాడు. వేసేటప్పుడు గుమ్మంలో ఉన్న హరిలాల్ వైపు చూడకుండా జాగ్రత్తపడ్డాడు.

"సీతయ్యా."

"మేడమ్?"

"ఆయన చెంప మీద వాపు తగ్గేలోపల నీ మీద రిపోర్టు పోతది. ముందే చెప్తున్న."

తర్వాత బల్ల దగ్గరున్న కానిస్టేబుల్ వైపు తిరిగింది. వీడియో, కొలతలు, పంచనామా అన్నీ అయ్యాయి. "మూల మాత్రం గట్లనే అట్ట మీదికి జరుపు. మిగతాది విప్పి సంచిల పొయ్యి. కోర్టుకు పంపాలె."

కానిస్టేబుల్ మూలని అట్ట మీదికి జరిపి, రెండు చేతులా మిగతా బొమ్మ అంచు పట్టి ఎత్తాడు. పడవలు విరిగాయి. రేవు నడుమ పగులు పట్టింది. ముక్కలు జలజలా ప్లాస్టిక్ సంచిలోకి రాలాయి.

"వద్దు! అలా కాదు! ఆకాశం ముక్కలు విడిగా తియ్యండి, ఆకాశం మళ్ళీ దొరకదు!"

ఉదయ్ భాస్కర్ ఏడుస్తున్నాడు. హత్య అన్న మాటకి చెక్కుచెదరని మనిషి, నిర్మలాదేవి ఎదుట తల కూడా దించని మనిషి, సంకెళ్ళ చేతులు చాచి, ముక్కు కారుతుంటే వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

గదిలో అందరూ అతన్ని చూస్తూ నిలబడ్డారు.

ఆ ఇంటికి వచ్చాక హరిలాల్ మొదటిసారి నోరు తెరిచాడు. "పెద్దాయన పోయిండని మీరు చెప్పినప్పుడు గూడ ఏడ్చిండా మేడమ్, గీయన?"

"లే."

హరిలాల్ నిర్మలాదేవి చేతిలోని సంచి అందుకుని, "నడువమ్మా, తల్లాడ బస్సు ఉంటది" అన్నాడు. వాకిట్లోకి దిగి, గేటు పక్కన మోరీ కాలవలో ఉమ్మేసి, వెనక్కి చూడకుండా నడిచాడు.