బిల్లీ కాళ్ల మీది నల్ల మచ్చలు

“మేడం, నేను పిల్లగాణ్ణి కొట్టలే. జెర వచ్చి సూడున్రి!”

పటాన్‌చెరులో టైర్ల దుకాణం పైనున్న ఆఫీసులోకి ఆయాసపడుతూ వచ్చిన క్లారా, కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆమె ఇంద్రేశంలో ఉండే స్టాన్లీకి రెండో భార్య. అతని ఏడేళ్ల కొడుకు బిల్లీ కాళ్ల మీద పొద్దున నల్లగా కమిలిన మచ్చలు లేచాయి. సవతి తల్లే కొట్టిందని పిల్లాడి అమ్మమ్మ బక్కమ్మ ఆసుపత్రిలో గగ్గోలు పెడుతోంది. పోలీసులకు కబురు వెళ్లింది.

డిటెక్టివ్ అలేఖ్య వెంటనే లేచింది. సహాయకుడు బాలరాజ్ ఆటో పిలిచాడు. సవతి తల్లి అనగానే అతను మనసులో తీర్పు చెప్పేసుకున్నాడు. అలేఖ్య దగ్గర ఇన్నాళ్లు పనిచేసినా ఆ తొందర మాత్రం పోలేదు.

ఆసుపత్రి మంచం మీదున్న బిల్లీ దగ్గరికి ఇద్దరూ వెళ్లారు. రెండు పిక్కలూ వంకాయ రంగుకు తిరిగాయి. చర్మం ఎక్కడా గీరుకుపోలేదు. సూది గుచ్చిన చోట మాత్రం రక్తం ఆగడం లేదు. చెవి వెనక పొక్కులు ఎండి రాలిన గుర్తులున్నాయి. అవేమిటని డాక్టరు అడిగితే, వేడి గుల్లలని బక్కమ్మే చెప్పిందట.

అలేఖ్య పిల్లాడి చొక్కా విప్పి చూసింది. కాలర్‌కు పసుపు, జేబులో వాడిన వేపాకు.

“సెలవులల్ల యాడున్నడు?”

“కొండాపూర్ల, మా అత్త ఇంట్ల. మొన్ననే తోల్కొచ్చిన,” అన్నాడు స్టాన్లీ.

అంతలో నర్సు కేక వేసింది. మోకాలి పైన ఇందాక లేని మచ్చ తేలుతోంది. అలేఖ్య డాక్టరునూ, కానిస్టేబులునూ, ఇంటివాళ్లనూ మంచం చుట్టూ పిలిచింది.

“గీ మచ్చ ఎవరు కొడితే వచ్చింది? క్లారా మీ అందరి ముందే ఉంది. దెబ్బలు రెండు కాళ్లకు ఒక్కతీరుగ పడయి, గిట్ల పాకయి. అవ్వా, నీ ఇంట్ల పిల్లగానికి అమ్మవారు పోసింది గదా? పసుపు, వేపాకు వేసి నీళ్లు పోసినవ్.”

బక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. “పోసింది బిడ్డా. చర్చికి పోయే అల్లుడాయె. అమ్మకు మొక్కిన్నని తెలిస్తే మల్ల పిల్లగాణ్ణి పంపడని దాచిన. కాళ్లు సూడంగనే ఈమెనే కొట్టిందనుకున్న.”

“ఆటలమ్మ తగ్గాక ఎక్కడో ఒకరికి రక్తనాళాల్లో గడ్డలు కడతాయి. అదే అయితే మందే వేరు!” డాక్టరు ప్లాస్మా కోసం పరుగెత్తాడు.

సాయంత్రానికి మచ్చలు పాకడం ఆగింది. ఒక కాలివేలి సంగతి చెప్పలేనన్న డాక్టరు, కాళ్లు మాత్రం దక్కుతాయన్నాడు. బాలరాజ్‌కు క్లారా ముఖం చూడాలంటే సిగ్గేసింది.

బక్కమ్మ గుమ్మం బయటే నిలబడిపోయింది. క్లారా వెళ్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

“వాడు నిన్నే అడుగుతున్నడు, రా అమ్మా. ఈసారి ఏం జేసినా నాకు చెప్పు.”