గోడ పక్క నీళ్ళు

“గోడకింత దగ్గర్లో స్విమ్మింగ్ పూల్ కట్టాలంటే పక్కింటివాళ్ళు ఒప్పుకోవాలమ్మా! వాళ్ళు కాదంటే పర్మిషన్ రాదు,” అని ఇంజనీరు తేల్చి చెప్పేసరికి ఆ తల్లికి కాళ్ళకింద నేల కదిలినట్టయింది. పక్కిల్లు పరాయివాళ్ళది కాదు... సొంత బావగారిదే! కానీ తోటికోడలి దగ్గర నీళ్ళ మాట ఎత్తేదెలా? ఆమె ఒక్కగానొక్క కొడుకు పెరట్లోని నీళ్ళ తొట్టిలో పడి కన్నుమూశాడు. ఆనాటినుంచి ఆమె బకెట్టు కూడా నిండా పట్టదు! ఇటు చూస్తే తన కూతురు... జ్వరం వచ్చి కాళ్ళు చచ్చుబడిన పిల్ల, ఆసుపత్రి పూల్‌లో మాత్రం నీళ్ళ ఆసరాతో నాలుగడుగులు వేసింది! అది కాస్తా మూతపడ్డాక మళ్ళీ మంచానికే అతుక్కుపోయింది.

గుండె చిక్కబట్టుకుని వెళ్ళి అడిగింది.

“నా బిడ్డని మింగిన నీళ్ళు తెచ్చి నా గోడ పక్కనే పెడతావా? అడగడానికి నీకు నోరెలా వచ్చిందే!” తోటికోడలు దభాలున తలుపు మూసేసింది.

“వదినకి మనసనేదే లేదు!” అన్నాడు భర్త.

“అలా అనకండి... ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని!” అంటూ ఆమె వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు ఇంజనీరు స్థలం చూడటానికి వస్తే, “మానుకున్నామండీ...” అంది తలొంచుకుని.

“ఎందుకు మానుకోవడం?” గేటు దగ్గర తోటికోడలు! కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. “నాకు నిద్రపట్టలేదే చెల్లీ... వాడే బతికి, ఇలా మంచాన పడి ఉంటే? సముద్రాన్నైనా ఇంటికి తెచ్చేదాన్ని కాదూ! కట్టుకో. కానీ చుట్టూ నా అంత ఎత్తు కంచె వెయ్యాలి. దాని గేటు తాళంచెవి నా దగ్గరే ఉండాలి. నేను తీస్తేనే పిల్ల దిగాలి!”

అనుమతి వచ్చింది. పూల్ తయారైంది. మొదటిరోజు తోటికోడలే వచ్చి తాళం తీసింది. తల్లి చేయి పట్టుకుని పిల్ల నీళ్ళలో ఒక్కో అడుగూ వేస్తూ, “పెద్దమ్మా, చూడు!” అని కేకేసింది. పెద్దమ్మ నీళ్ళవైపు చూడలేదు... పిల్ల ముఖం మీదనుంచి చూపు తిప్పనూ లేదు! అందరూ బయటికొచ్చాక తాళం వేసి, లాగి చూసి, అప్పుడు పిల్ల తల్లి తడిసిన భుజంమీద వాలిపోయింది.

“నీళ్ళలోంచి బిడ్డ నవ్వుతూ బయటికి రావడం... ఇన్నాళ్ళకి చూశానే చెల్లీ!”