దూదికి దువ్వెన

"మళ్ళీ జుట్టొచ్చింది!"

కుట్టుగదిలోంచి అమ్మ పెట్టిన కేక అది. వరండాలో కునికిపాట్లు పడుతున్న తాతయ్య చెవిలో మాత్రం ఇంకోలా పడింది.

"చుట్టమొచ్చిందా? ఉండండుండండి, మంచి చొక్కా వేసుకొస్తా!" అంటూ ఆయన లోపలికి పరుగెత్తాడు.

వచ్చింది చుట్టం కాదు, జుట్టు. అదీ దూది జుట్టు. దూది ఆ ఇంటి తెల్లపిల్లి. ఎండలు ముదరగానే పాత బొచ్చు రాల్చడం మొదలుపెట్టింది. మంచం మీద జుట్టు, కంచం మీద జుట్టు. అమ్మ టైలరు. సాయంత్రం ఐదింటికి ఇవ్వాల్సిన నల్ల వెల్వెట్ కోటు మీద కూడా జుట్టే!

"ఇదిగో చిటికే, ఇప్పుడే చెప్తున్నా. ఇంకొక్క వెంట్రుక కనబడిందా, రేపే దీన్ని పిన్ని వాళ్ళింటికి పంపేస్తా!"

చిటికె చటుక్కున దూదికేసి చూసింది. పదేళ్ళ ఆ పిల్ల ఏ పనైనా చిటికెలో చేసేస్తుందని ఆ ముద్దుపేరు. చిటికెలో చెడగొడుతుందని కూడా అనుకో, అది పైకి అనరు.

అమ్మ వెడల్పాటి టేపును జిగురువైపు పైకి వచ్చేలా అరచేతికి చుట్టుకుంది. కోటు మీద టప్‌టప్‌మని అద్దింది. వెంట్రుకలన్నీ టేపుకి అంటుకొచ్చేశాయి.

'కోటు మీద తీస్తే మళ్ళీ వస్తాయి. పుట్టిన చోటే తీసేస్తే?' అనుకుంది చిటికె.

అమ్మ బొత్తాల డబ్బా కోసం పక్కగదిలోకి వెళ్ళింది. అంతే! చిటికె జానెడు టేపు చింపి, నిద్రపోతున్న దూది వీపు మీద అతికించింది. గట్టిగా నొక్కింది. చర్రున లాగింది.

"మ్యావ్" కాదది. "మ్యాఆఆఆఆఆవ్!"

దూది గాల్లోకి లేచింది. మిషను మీదికి, అక్కణ్ణుంచి అల్మరా మీదికి! సగం ఊడిన టేపు రెండో తోకలా వెనకాల వేలాడుతోంది. దారపు రీళ్ళు గది నిండా దొర్లాయి.

పరుగున వచ్చిన అమ్మ గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

దూది వీపు మీద వేలంత మేర బొచ్చు లేదు. గులాబీరంగు చర్మం కనిపిస్తోంది.

"అమ్మా... నువ్వు పంపేస్తానన్నావని..."

చిటికె ఇంకో టేపుముక్క చింపి తన ముంజేతికి అతికించుకుంది. లాగింది.

"అమ్మోయ్!" కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంత నొప్పా!"

అమ్మ స్టూలెక్కి, వేళ్ళకు నూనె రాసుకుని, మెల్లమెల్లగా జిగురు వదిలించింది. చిటికె సాయం చేద్దామని చెయ్యి చాపింది.

"ఖస్స్!" అంది దూది.

చిటికె బిత్తరపోయింది. నిన్నటిదాకా తన ఒళ్ళో పడుకున్న పిల్లి!

"వెల్వెట్‌ని ఎటు నిమరాలే?" అడిగింది అమ్మ.

"నూగు వాలినవైపు."

"ప్రాణం లేని గుడ్డకే అంత మర్యాద చేస్తాం కదా!"

చిటికె తల దించుకుంది. వెళ్ళి పెద్దపళ్ళ దువ్వెన తెచ్చింది. ముందు తన ముంజేతి మీద, ఎర్రబడ్డచోటే, మెల్లగా గీసి చూసుకుంది. గుచ్చుకోలేదు. అల్మరా ముందు నేల మీద కూర్చుంది. పిలవలేదు, లాగలేదు. చిటికెలో పనిచేసే పిల్ల గంటసేపు అలా కూర్చుంది!

చివరికి దూది దిగింది. దువ్వెన వాసన చూసింది. చిటికె దాని మెడ దగ్గర, బొచ్చు వాలుకు రెండుసార్లు దువ్వింది. దూది తోక విదిలించింది. చిటికె వెంటనే ఆపేసింది. కాసేపటికి దూదే తల తెచ్చి దువ్వెన కింద పెట్టింది.

ఐదింటికి కోటు శుభ్రంగా వెళ్ళిపోయింది. నేల మీద పరిచిన పేపరు మీద ఇంకో చిన్న పిల్లికూనంత బొచ్చు పోగయింది.

"పిన్నికి ఫోన్ చేస్తావా?" భయంభయంగా అడిగింది చిటికె.

"రోజూ ఇలా దువ్వేవాళ్ళుంటే నాకేం పని?" అంది అమ్మ.

అంతలో ఇస్త్రీచొక్కాలో తాతయ్య వచ్చాడు. "గంటన్నర నుంచి వీధి మలుపులో నిలబడ్డాను. ఏడే మీ చుట్టం?"

అమ్మ తెల్లబోయింది. "ఏ చుట్టం నాన్నా?"

"నువ్వేగా అరిచావు, మళ్ళీ చుట్టమొచ్చిందని!"

చిటికె బొచ్చు ఉండను ఎత్తి చూపించింది. "చుట్టం కాదు తాతయ్యా, జుట్టు! ఇదిగో, ఈయనే!"

తాతయ్య తన చొక్కాకేసి చూసుకున్నాడు, ఉండకేసి చూశాడు, పగలబడి నవ్వబోయాడు. అమ్మా అందుకోబోయింది.

"ష్ష్!" చిటికె వేలు పెదవుల మీద పెట్టుకుంది. "మెల్లగా నవ్వండి. దూది నిద్రపోతోంది."

చిటికె ఒళ్ళోనే.