నాన్న గౌరవానికి పెట్టిన లైబ్రరీలు

ఆలివ్ తోటల ఊరు స్ఫాక్స్‌లో ఆదివారం పొద్దున. దలీలా వంటింట్లో, వేయించిన ధాన్యాలు విసిరిన బ్సీసా పిండిలో ఆలివ్ నూనె పోసి కలుపుతోంది. ట్యూనిస్‌లో ప్రోగ్రాములు రాసే ఉద్యోగం చేసే కూతురు నెస్రీన్, సెలవుకొచ్చి కూడా నాన్న ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది.

నాన్న మొన్సెఫ్ ముప్ఫై ఏళ్లు నూనె గానుగలో పనిచేసి, రిటైరయ్యాక పట్టుబట్టి కోడ్ నేర్చుకున్నాడు. రైతులు ఫోన్లోనే గానుగ వంతు రాయించుకునే పేజీ ఒకటి తయారుచేశాడు. తోటల్లో సిగ్నల్ అంతంతమాత్రం కాబట్టి, పేజీ ఒక మెగాబైటు దాటకుండా ఉంటేనే తీసుకుంటామంది రైతుల సంఘం. గడువు రేపే.

నెస్రీన్ రాసిన చిన్న స్క్రిప్టు నాన్న కోడంతా గాలించి, అందులో చేర్చిన లైబ్రరీలు, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడు కట్టలు, ఏది ఎంత బరువో, దాన్ని ఎక్కడ వాడాడో తెరమీద పరిచింది.

"తొమ్మిది మెగాబైట్లు నాన్నా. నలభై ఒక్క లైబ్రరీలు పెట్టి, ఆరే వాడావు."

"మిగతావి ఉంటే నీకేం అడ్డం?"

"నాకు కాదు, రైతుకి. పేజీ తెరుచుకునేలోగా కాయలు కుళ్లిపోతాయి. తీసేస్తున్నా."

మొన్సెఫ్ ముఖం జేవురించింది. "ముట్టుకోకు. అది ఒసాకా ఆయన ఆన్‌లైన్లో నా సందేహం తీర్చి ఇచ్చాడు. ఇది లిమా టీచరమ్మ ఇచ్చింది. పనికి రాకపోయినా గౌరవానికి పెట్టాను."

"పక్కింటివాళ్ల పళ్లెం ఖాళీగా తిప్పి పంపని మనిషి కదా," అంది దలీలా నవ్వుతూ. "ఇప్పుడు కోడులోనూ అదే మర్యాద మొదలెట్టాడు."

"గౌరవానికి ఎనిమిది మెగాబైట్లా? అలాగే పంతం పట్టు, రేపు పేజీని వెనక్కి పంపేస్తారు," అంది నెస్రీన్ విసుగ్గా. మొన్సెఫ్ బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

తీసేద్దామని కోడ్ తెరిస్తే, ప్రతి లైబ్రరీ పక్కనా నాన్న రాసుకున్న వాక్యం ఉంది. 'మార్చి ఆరు. నెస్రీన్‌కి తీరిక లేదు. ఒసాకా ఆయన చెప్పాడు.' 'మార్చి ఇరవై. నెస్రీన్ మీటింగులో ఉంది. లిమా టీచరమ్మ చెప్పింది.' కింది దాకా అదే వరుస. ఎక్కడా ఫిర్యాదు లేదు. నెస్రీన్ మళ్లీ మొదటి వాక్యం దగ్గరికి వెళ్లి అన్నీ చదివింది.

ముప్ఫై అయిదు లైబ్రరీలూ తీసేసింది. ఇచ్చినవాళ్ల పేర్లు మాత్రం విడిగా ఒక పేజీలో రాసి, ల్యాప్‌టాప్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లింది.

"ఎవరినీ పంపెయ్యలేదు నాన్నా. అందరూ రెండు కిలోబైట్లలో సర్దుకున్నారు. మెగాబైటులో ఇంకా చోటు మిగిలింది."

మొన్సెఫ్ కళ్లజోడు పెట్టుకుని ఒక్కో పేరూ చదివాడు. మెల్లగా ముఖం విచ్చుకుంది. "సరే గానీ, వంతు తప్పిన రైతుని మళ్లీ వరుసలో ఎలా చేర్చాలి? ఒసాకా ఆయన్ని అడగనా?"

అప్పుడే నెస్రీన్ ఫోను మోగింది. ఆఫీసు నుంచి. ఆమె దాన్ని కట్ చేసి జేబులో పెట్టేసుకుంది.

"జరుగు నాన్నా. నేను చెబుతా."

గంట తర్వాత, బ్సీసా గిన్నె ఖాళీ అయ్యాక, మొన్సెఫ్ ఆ పేర్ల చివర ఒంటి వేలితో ఒక్కో అక్షరమే కొట్టాడు.

'అక్టోబరు పన్నెండు. నెస్రీన్ చెప్పింది.'