చంకలో డబ్బా

బొంగరానికి ముప్పై రెండేళ్ళు. ఒక్కచోట నిలవదని పుట్టింట్లో పెట్టిన పేరది. రోజూ అన్నం వార్చిన గంజిని పారబొయ్యకుండా మొగుడి చొక్కాల కోసం గిన్నెలో పక్కన పెడుతుంది. గంజి పెట్టి నిలబెట్టిన చొక్కా లేనిదే ఆయనకి వీధిలోకి రావడం నామోషీ.

పిల్లల్లేరని ఆమె ఒంటి మీద సూది గుచ్చని చోటు మిగల్లేదు. లోపం కనబడలేదు. ఆయన్నొకసారి రమ్మంది డాక్టరమ్మ. మగాడు ఆ వరసలో నిలబడతాడా? పోనీ వీర్యం ఇంట్లోనే పట్టి పంపమంది, ఒంటి వేడి మీద, చల్లారకముందే చేరాలంది. పెద్దాసుపత్రేమో ఊరికి ఆ కొసనుంది. ఈసారి తేలకపోతే ఇంకో పిల్లని తెస్తానని అత్తగారు ముందే చెప్పేసింది.

ఆ పొద్దున మొగుడు మూత బిగించిన డబ్బా అందించాడు, మొహం చూడకుండా. అత్తగారు దాన్ని తనే కోడలి ఎడమ చంకలో ఇరికించింది.

“చెయ్యి తియ్యకు. పెద్దది అక్కడే చెడగొట్టింది.”

పెద్దది అంటే మొదటి భార్య. ఇలాగే డబ్బాతో వెళ్తూ, కమ్మీ పట్టుకోవడానికి చెయ్యి తియ్యక, బస్సు మెట్టు మీంచి జారి చక్రం కింద పడింది. డబ్బా పగిలిపోయిందని అత్తగారు ఇప్పటికీ బాధపడుతుంది.

బయట వాన. బస్సు కిటికీలకి రేకులు దించేశారు. లోపల పట్టపగలే చీకటి, తడిబట్టల కంపు, ఇంజను రొద. బొంగరానికి ఆఖరి మెట్టే దొరికింది. కుడిచెయ్యి జనం మధ్య ఇరుక్కుని పైకి రావడం లేదు.

మలుపు దగ్గర చంక చల్లబడింది. ఇంకా చల్లగా... మంచుగడ్డలా...

“కమ్మీ పట్టుకోవే, చెల్లీ.”

చెవి పక్కనే. ఊపిరి తగల్లేదు. మాటే తగిలింది. వెనక్కి చూసింది. వెనక తలుపు. తలుపవతల వాన. అంతే.

“చల్లారిపోతుందక్కా...” అనేసింది, ఎవరితో అంటోందో తెలియకుండానే.

“వెచ్చగా ఉంచి ఏం చేస్తావు... మూత తియ్యి.”

బస్సు కుదిపింది. కాలు జారింది. ఎడమచెయ్యి దానంతటదే కమ్మీని పట్టేసింది. డబ్బా పడిపోవాలి. పడలేదు... తడి వేళ్ళేవో దాన్ని తెచ్చి ఆమె కుడిచేతిలో పెట్టాయి.

బస్సు ఆగగానే దిగి మూత తీసింది. వాసన చూసింది. ఆ వాసన ఆమెకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పొద్దున తను వార్చిన గంజి.

“నా డబ్బాలోనూ ఇదే,” అంది గొంతు. “కింద పడ్డాక... నా మొహం మీదే ఒలికింది.”

బొంగరం ఆసుపత్రి దాకా వెళ్ళలేదు. తిరిగొచ్చి, లోపం నాదేనట అంది. అత్తగారి మొహం వెలిగింది. మొగుడు చొక్కా మడత సర్దుకున్నాడు.

మూడోదాన్ని వెతికింది బొంగరమే. కొత్తది వస్తే పాతది బస్సెక్కక్కర్లేదు. పిల్లని చూడ్డానికి తనొక్కతే వెళ్ళి, మా ఇంట్లో నీకే లోటూ ఉండదంది. పిల్ల తలూపింది కానీ, ఆమె భుజం పక్కకే చూస్తూ ఉండిపోయింది.

“మీతో వచ్చినావిడ మొహం తుడుచుకోదేంటండీ?”

బొంగరం అటు తిరిగి చూడలేదు. పెళ్ళి మాత్రం దగ్గరుండి జరిపించింది.