తెల్లగొడుగు కింద మట్టికుండ

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటుంది. నీడలో పడుకోబెట్టి వెళ్లిన పసిప్రాణం, నేను తిరిగొచ్చేసరికి ఎండలో ఉండటం. మనం పెట్టింది పెట్టినచోటే ఉంటుంది గాని, నీడ ఉండదు. చెప్పాపెట్టకుండా జరిగిపోతుంది. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా పెద్దవాళ్ల తలకు ఎక్కదు. రేగడిసీమ రాజుగారికే ఎక్కలేదు. ఆ కథ చెబుతాను, వినండి పిల్లలూ.

రేగడిసీమలో నేల కాటుకలా నల్లగా ఉండేది. ఆ రాజ్యాన్ని గండరాయుడనే రాజు ఏలేవాడు. పడమటి కొండల్లో ఒక ముని పొలంలో సోయా చిక్కుడు పండుతుందని, ఆ గింజలు తిన్న పిల్లలు బలంగా ఎదుగుతారని విని, వాటికోసం భటులను పంపాడు. ముని మూడు మూటల గింజలు ఇచ్చి, "ఈ పొలం మట్టి కూడా ఒక కుండెడు తీసుకుపొండి. ఈ గింజ చుట్టాలు అందులో ఉన్నారు" అన్నాడు.

భటులు పకపకా నవ్వారు. "మా రాజ్యంలో మట్టికి కరువా?" అంటూ గింజలకు అంటిన దుమ్మును సైతం వాగులో కడిగేశారు. అసలే ఆ మునికి కోపం ముక్కు మీద ఉంటుంది. "చుట్టాలను వదిలి తీసుకెళ్లిన గింజ ఎలా పాలిపోతుందో, మీ రాజు ఇంట పుట్టే బిడ్డ కూడా అలాగే పాలిపోవుగాక!" అని శపించాడు.

అలాగే జరిగింది. మొదటి ఏడు వేసిన మూట జానెడు ఎత్తు లేచి పసుపుపచ్చగా పాలిపోయింది. రెండో ఏడు ఎంత ఎరువు వేసినా అదే పసుపు. ఈలోగా రాణి కనకాంబకు ఆడపిల్ల పుట్టింది. పేరు హేమవల్లి. పది నెలలు నిండినా ఆ పిల్ల మెడ నిలపలేదు, నవ్వలేదు. ఇక ఒక్క మూటే మిగిలింది. వానలు పడటానికి నెలరోజులే ఉంది. అది కూడా పండకపోతే బిడ్డ దక్కదని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు.

శాపం తీర్చడానికి వీరులు బయలుదేరారు. ఒకడు నాగమణి తెచ్చి పొలంలో పాతాడు. ఇంకొకడు పులిపాలు తెచ్చి పోశాడు. పొలం మారలేదు. పులికి మాత్రం కోపం వచ్చింది.

ఆ ఊళ్లో కుమ్మరి రాజవ్వకు మొగులి అనే మనవరాలు ఉండేది. పన్నెండేళ్ల పిల్ల. ఒకరోజు ఆ పిల్ల పాలిపోయిన మొక్కను ఒకటి పీకింది. గట్టు మీద పచ్చగా పాకిన పిల్లిపెసర తీగను ఒకటి పీకింది. రెండూ అవ్వ ముందు పెట్టింది.

"అవ్వా, జర చూడే. పిల్లిపెసర ఏర్లకు ఆవాలంత గుండ్లున్నయి. ఈ చిక్కుడు ఏర్లు చూడు, బోడిగున్నయి."

"నాకు చూపిస్తే ఏం లాభమే? రాజుకు చూపియ్యి."

"చూపిద్దామనే కోటకు పోయిన. ఏర్లు చూసుడేంది, జాతకం చూస్తం అన్నరు."

రాజవ్వ నుదురు కొట్టుకుంది. కొత్తగా కాల్చిన కుండ ఒకటి మనవరాలి చేతికిచ్చింది. "అయితే ఆ ముని దగ్గరికి నువ్వే పో, భటులు వద్దన్న మట్టి తే. పైన తడిగుడ్డ చుట్టు. కుండకు చెమట పట్టినంతసేపు లోపల సల్లగుంటది" అని చెప్పి పంపింది.

మొగులి ఏడు రోజులు అడవులు దాటి పడమటి కొండ చేరింది. ముని పొలం గట్టున కూర్చుని తనలో తాను గొణుక్కుంటున్నాడు.

"తాతా, పసిపిల్లకు శాపం పెడ్తరా ఎవరన్న?"

"నోరు జారాను తల్లీ," అన్నాడు ముని తల గోక్కుంటూ. "వెనక్కి తీసుకునే మంత్రం నాకు రాదు. ఎన్ని ఏళ్లుగా నేర్చుకుందామనుకుంటున్నానో! నువ్వే పొలం పచ్చబరిచి తీర్చాలి. కుండ ఇలా తే."

ముని కుండ నిండా మట్టి ఎత్తాడు. లోపలి నుంచి చీమల బారులా సన్నని గొంతులు లేచాయి. "ఇరుకు! ఇరుకు!" "నా కాలు తొక్కిందెవరు?" "వేరెక్కడ? మా వేరేది?"

"ఎవరు వీళ్లు?" అంది మొగులి ఉలిక్కిపడి.

"చిట్టిజనం. కంటికి కనబడరు. వేళ్లలో గుడిసెలు కట్టుకుని గాలిని వండి మొక్కకు పెడతారు. మొక్క వాళ్లకు తీపి పెడుతుంది. గింజలకు బెల్లం నీళ్లతో ఈ మట్టి పట్టించి చల్లు. వేడి, విషం, ఎండ, ఈ మూడూ వీళ్లకు పడవు. ఇంకోమాట, కుండ మొత్తం ఊడ్చకు. పెరుగుకు తోడు ఉంచినట్టు అడుగున పిడికెడు ఉంచు."

తిరుగుదారిలో కొండ కనుమ దగ్గర నిప్పులనోటి రాకాసి అడ్డం పడ్డాడు. పోట్లాటకు కాదు, సాయానికి. "పాపం, లోపలున్నవాళ్లు చలికి వణుకుతున్నట్టున్నారు. ఒక్కసారి కుండ ఇటియ్యి, కాచి ఇస్తాను."

"వద్దు మామా, చచ్చిపోతరు!"

"కొంచెమే కాస్తాను. గోరువెచ్చగా."

"వద్దంటే వద్దు!" మొగులికి ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. అంతలో ఒక ఉపాయం తట్టింది. "అంత కాయాలని ఉంటే తాత ఇచ్చిన ఈ చెంబుల బెల్లం నీళ్లు కాయి. మంచిగ మసలనియ్యి."

రాకాసి మహా సంతోషంగా కాచాడు. చెంబులో వేలు పెట్టినా కాలనంతగా చల్లారేదాకా మొగులి అక్కడే కూర్చుంది. ఆ కాసేపట్లోనే రాకాసి, "ఇప్పుడు కుండ కాయనా?" అని తొమ్మిదిసార్లు అడిగాడు.

వాగు దగ్గర నల్లనాగు పడగ విప్పింది. "పిల్లా, నీ కుండలో పురుగులున్నయి. ఒక్క చుక్క విషం వేస్తా, అన్నీ చస్తయి. నాకేమీ ఇవ్వనక్కర్లేదు."

"వాళ్లు చావొద్దనే కదా మోస్తున్న!"

"పురుగులు చావొద్దా? నీకు మతి ఉందా?"

"నీ విషం ఎలుకల కోసం దాచుకో. రేపు మా గట్ల మీద అవి తయారైతయి, అప్పుడు రా." నాగుకు ఆ మాట నచ్చి దారి వదిలింది. కుండలోంచి చిట్టిజనం, "కుదుపొద్దు! మెల్లగా నడువు!" అని అరిచారు. "మీకోసమే చస్తున్న, మీరు సుత నోరు మూసుకోరా?" అంది మొగులి. కాని మెల్లగానే నడిచింది.

మొగులి కోట చేరి ముని మాట చెబితే రాజు చివరి మూట ఇప్పించాడు. మండపం నీడన చాపలు పరిచి, ఆ మూట విప్పి, గింజలకు చల్లారిన బెల్లం నీళ్లు, మట్టి కలిపి పట్టించింది. ప్రతి గింజ నల్లకోటు తొడుక్కున్నట్టయింది. ధాన్యాగారం పెద్ద ముత్యంరాయుడు పక్కనే నిలబడి చూశాడు.

"వీటిని నీడలనే ఉంచాలె పెద్దయ్యా. నేను మొహం కడుక్కొని వస్త."

"అలాగేనమ్మా."

రేగడిసీమలో ఒక ఆచారం ఉంది. విత్తనం నేలను తాకేముందు సూర్యుణ్ణి చూడాలి. మొగులి అలా వెళ్లగానే చాపలు ఎండలోకి లాగించి, కుంకుమ చల్లి, శంఖం ఊదించాడు ముత్యంరాయుడు. మొగులి తిరిగొచ్చి, చాప పక్కన కూర్చుని, గింజలకు చెవి ఆనించింది.

ఒక్క గొంతూ లేదు. ఏడు రోజులు చెవులు చిల్లులు పడేలా పోట్లాడినవాళ్లు, ఒక్కరూ పలకలేదు.

"నీడల ఉంచమంటిని కదా!"

"ఉంచామమ్మా. సూర్యదర్శనానికి ఒక్క గడియే కదా తీశాం!" అన్నాడు ముత్యంరాయుడు నొచ్చుకుని.

"పెద్దయ్యా, చేపను ఒక్క గడియే నీళ్లలకెల్లి తీస్తవా?"

రాజు పరుగున వచ్చాడు. రాణి బిడ్డను ఎత్తుకుని వచ్చింది. బిడ్డ తల తల్లి భుజం మీద వాలిపోయి ఉంది. ఆ తలను చూశాక మొగులికి అరవబుద్ధి కాలేదు. ఖాళీకుండ దగ్గరికి వెళ్లి ఒంగింది. అడుగున తోడు ఉంచిన పిడికెడు మట్టిలోంచి సన్నగా ఒక గొంతు వినిపించింది.

"ఇరుకని ఏడ్చినం. ఇప్పుడు మరీ వెడల్పయింది. మావాళ్లేరి?"

మొగులి కళ్లు తుడుచుకుంది. "గింజలకేం కాలేదు రాణమ్మా, చుట్టాలే పోయిన్రు. ఈ పిడికెడుకు చెరువు మట్టి, చల్లారిన బెల్లం నీళ్లు పోస్తే ఏడు రోజుల్ల కుండ నిండుతది. కాని నీడ తప్పొద్దు."

కుండను కోటగోడ నీడన పెట్టి ఒక భటుణ్ణి కాపలా ఉంచారు. మధ్యాహ్నానికి నీడ జరిగింది, భటుడు జరగలేదు. "నన్ను కుండ చూడమన్నారు, నీడ చూడమనలేదు" అన్నాడు. ఇంకొకణ్ణి పెట్టారు. వాడు తను నీడలోకి జరిగాడు, కుండను జరపలేదు. రెండుసార్లూ మొగులే పరుగెత్తుకొచ్చి కుండను లాగింది. ఇక ఆ పిల్లకు ఓపిక చచ్చింది. సభలో ఉన్న రాజు దగ్గరికే నేరుగా వెళ్లింది.

"రాజా, నీ తల మీద ఆ తెల్లగొడుగు ఎందుకు?"

"అది రాజఛత్రం!"

"నీకన్నా దానికి ఎక్కువ పనున్నది. తెచ్చి కుండ మీద పట్టు. ఇంకెవ్వరిని నమ్మ."

సభ నివ్వెరపోయింది. రాజు నోరు తెరిచేలోగా రాణి అంది. "పట్టుకోండి. పులిపాలు, నాగమణులు అయ్యాయి. బిడ్డకోసం గొడుగు పట్టలేరా?"

రాజు పట్టుకున్నాడు. మొదటిరోజు చెయ్యి నొప్పి అన్నాడు. రెండోరోజు కునుకు తీసి రాణితో చివాట్లు తిన్నాడు. నాలుగోరోజుకు సూర్యుడెటు జరిగితే అటు తనూ జరుగుతూ, దగ్గరికొచ్చిన మంత్రిని, "నీడ తొక్కకు, అవతలికి పో!" అని కసిరాడు. ఏడోనాటికి కుండలోంచి ఒకటే రభస. "ఇరుకు! ఇరుకు!" ఆ గోల విని మొగులి నవ్వింది, నెల తర్వాత మొదటిసారి.

ఈసారి రాజవ్వ పచ్చికుండలు ఆరబెట్టే పాకలో గింజలకు మట్టి పట్టించారు. పచ్చికుండ ఎండలో పెడితే పగులుతుందని కుమ్మరి ఇంట్లో అందరికీ తెలుసు. అక్కడ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మబ్బు పట్టిన రోజు చూసి చల్లారు.

నెల తిరిగేసరికి పొలం చిలకల గుంపు వాలినట్టుంది. మొగులి ఒక మొక్క పీకి చూపించింది. వేళ్లకు గుండ్లు! ఒకదాన్ని గోటితో చిదిపితే లోపల నెత్తురులా ఎర్రగా ఉంది. "తలుపు తీసిందెవరు? ఇక్కడ గాలి వండుతున్నం, పొయ్యి ఆరుతది!" అని అరిచారు లోపలివాళ్లు. ఆ అరుపు విని, తల్లి భుజం మీదున్న హేమవల్లి మెడ నిలిపి అటు తిరిగి చూసింది. పాలిపోయిన బుగ్గలకు ఆ చిదిపిన గుండు రంగే వచ్చింది. కిలకిలా నవ్వింది. రాణి బిడ్డను కాదు, మొగులిని వాటేసుకుని ఏడ్చింది.

"ఏం కావాలో కోరుకో" అన్నాడు రాజు.

"విత్తనం కాడ నా మాటే నడవాలె. అంతే."

అప్పటినుంచి రేగడిసీమలో విత్తనాల మీద ఏలుబడి మొగులిదే. ఆచారం కూడా పోలేదు. ఉత్తగింజ సూర్యుణ్ణి చూస్తుంది, మట్టి పట్టించాక నీడను చూస్తుంది. ఏటా ఆ రోజున తెల్లగొడుగు పట్టేది మాత్రం రాజుగారే. ముత్యంరాయుడు పక్కన నిలబడి, "ప్రభూ, నీడ జరిగింది" అని గుర్తు చేస్తుంటాడు.

మీరు ఇంతసేపు కథ చదివారు కదా, మీ ఇంటి దగ్గరా నీడ జరిగే ఉంటుంది. పుస్తకం పక్కన పెట్టండి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉయ్యాలలో చంటిబిడ్డ ఉంటే, ముఖం మీద ఎండ పడుతోందేమో, ఒక్కసారి వెళ్లి చూసి రండి.