ఒంటిగంటకి గేటు మూసేస్తారు

బ్రేక్!

కారు అడ్డంగా జారుతుంది. రోడ్డు పక్క కంకరలోకి దూసుకెళ్ళి, బాదం తోట కంచెకి జానెడు దూరంలో ఆగుతుంది.

పాల ట్యాంకర్... పొగమంచులోంచి ఉన్నట్టుండి ఊడిపడింది. హారన్ మోగించుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోయింది.

పట్టపగలు. పన్నెండూ ఐదు. పది అడుగుల అవతల ఏమీ కనపడటం లేదు!

ఒఫేలియా అద్దంలోకి చూస్తుంది.

వెనక రెండు పసుప్పచ్చ లైట్లు. అవీ ఆగాయి.

పికప్ ట్రక్. వాడే. పొద్దున్నించీ జిడ్డులా పట్టుకున్నాడు, వాడి చేతులు పడిపోను.

సీటు మీద ఫోన్ మోగుతుంది.

"జాగ్రత్తగా నడపండి సెన్యోరా," అంటాడు వాడు తాపీగా. "ఇక్కడ మీరు పోతే అక్కడ మీ అబ్బాయీ పోతాడు."

ఫోన్ పెట్టేస్తాడు.

ఆమె గేర్ మారుస్తుంది. మళ్ళీ రోడ్డెక్కుతుంది.

జైలు ఇంకా పదిహేను మైళ్ళు. ఒంటిగంటకల్లా కౌంటర్ దగ్గర లేకపోతే ఇవాళ్టికి విజిట్ లేదు. ఒక్క నిమిషం దాటినా లేదు. కాళ్ళావేళ్ళా పడినా లేదు. ఈ సంగతి ఒఫేలియాకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆరేళ్ళుగా ప్రతి శనివారం వస్తున్న మనిషి!

ఒఫేలియా సరగోసాకి యాభై తొమ్మిది. ఫ్రెస్నోలో హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని. ఒక్కడే కొడుకు, నెస్టర్. పద్దెనిమిదేళ్ళప్పుడు స్నేహితులు ఒక షాపులో తుపాకీ చూపించి దోచుకుంటుంటే, బయట కారు స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. తొమ్మిదేళ్ళు వేశారు. ఆరు గడిచాయి. మూడే మిగిలాయి.

మూడే!

పొద్దున తొమ్మిదింటికి తలుపు చప్పుడైంది. పక్కింటామె అనుకుని తీసింది.

ఈ పికప్‌వాడే. మెడ మీద పచ్చబొట్టు. మర్యాదగా టోపీ తీశాడు. ఫోన్ ఆమె ముఖం ముందు పెట్టాడు.

ఫోటో. నెస్టర్ మంచం మీద పడుకుని ఉన్నాడు. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నప్పట్లాగే. సెల్ లోపల్నుంచి, వాడి తలగడ పక్క నించుని తీసిన ఫోటో అది!

తర్వాత బొటనవేలంత ప్లాస్టిక్ పొట్లం ఆమె అరచేతిలో పెట్టాడు. ఇవాళ విజిట్‌లో ఇది కొడుక్కి అందాలన్నాడు. అందకపోతే సాయంత్రం ఖైదీల్ని నిలబెట్టి లెక్కపెట్టేటప్పుడు మీవాడు నించోడన్నాడు. గార్డులకి చెప్పినా అంతే. జైల్లో ఉన్న తనవాళ్ళు నెస్టర్‌తో రాత్రే మాట్లాడారనీ, వాడు ఒప్పుకున్నాడనీ చెప్పాడు.

ఆమె ఒక్కటే అడిగింది. నేనే ఎందుకని.

"మీ మీద ఒక్క మచ్చ లేదు కాబట్టి," అన్నాడు వాడు. "మిమ్మల్ని ఎవరూ గట్టిగా వెతకరు."

ఆరేళ్ళు! ఒక్క రూల్ తప్పలేదు. టేబుల్ మీద చేతులు పెట్టమంటే పెట్టింది. గీత దాటొద్దంటే దాటలేదు. వచ్చినప్పుడు ఒక కౌగిలి, వెళ్ళేటప్పుడు ఒక కౌగిలి అంటే, ఆ రెండింటితోనే వారమంతా బతికింది.

ఇప్పుడు ఆ కౌగిలిలోనే ఇమ్మంటున్నారు.

పొట్లం జుట్టు ముడిలో ఉంది. బరువే లేదు. అయినా మెడ వంగిపోతోంది.

పన్నెండూ ఇరవై ఐదు...

మంచు తగ్గలేదు. ఇంత దట్టంగా ఉంటే జైలు వాళ్ళు ఖైదీలని కదలనివ్వరు, బయటివాళ్ళని లోపలికి రానివ్వరు. మంచు మాటున ఎవడైనా కంచె దూకుతాడని భయం. దేవుడా, మంచు తీసెయ్యి తండ్రీ, అని పైకే మొక్కుకుంటుంది ఒఫేలియా. ఏం మొక్కుతోందో తెలుసు. ఆ పొట్లం లోపలికి పోవాలనే మొక్కుతోంది. సిగ్గుతో ముఖం మండిపోతుంది. మళ్ళీ మొక్కుతుంది.

పన్నెండూ నలభై.

మంచు చీలుతుంది!

టవర్లు. ముళ్ళ కంచె. లాస్ రోబ్లెస్ స్టేట్ జైలు.

ఆమె పార్కింగ్‌లోకి తిప్పి, డోర్ తీసి పరుగెడుతుంది. నాలుగు అడుగులు...

"ఆగవే!"

వెర్నా. లావుపాటి నల్లావిడ. పదకొండేళ్ళుగా మొగుడి కోసం వస్తోంది. ఆమె కారు డిక్కీ ఒక బట్టల కొట్టు. అన్ని సైజుల ప్యాంట్లు, వైర్లు లేని బ్రాలు, ఒంటి నిండా కప్పే స్వెట్టర్లు. రూల్స్ తెలియక వచ్చి గేటు దగ్గర ఏడ్చే కొత్త పిల్లల కోసం పెట్టుకుంది. విజిట్ అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. అదే అద్దె.

వెర్నా ఆమెని పైనుంచి కిందికి చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంటుంది.

"కొత్తవాళ్ళందరికీ పాఠాలు చెప్పే పంతులమ్మవి. నువ్వే నీలం జీన్స్ వేసుకొచ్చావేంటే?"

ఒఫేలియా కిందికి చూసుకుంటుంది.

నీలం!

ఖైదీల రంగు. ఆ రంగులో ఎవరొచ్చినా గేటు దగ్గరే వెనక్కి పంపిస్తారు. వాడు తలుపు కొట్టినప్పుడు ఇంట్లో ఏ బట్టల్లో ఉందో ఆ బట్టల్లోనే వచ్చేసింది. లోపల వైరున్న బ్రా కూడా! మెటల్ డిటెక్టర్ కుయ్యోమంటుంది. అప్పుడు చేత్తో వెతుకుతారు. తల నుంచి కాళ్ళ దాకా.

జుట్టు ముడి కూడా.

పన్నెండూ నలభై ఆరు.

వెర్నా ఆమెని తన కారు వెనక సీట్లోకి తోస్తుంది. తువ్వాలు అడ్డం పట్టుకుంటుంది. గోధుమరంగు ప్యాంటు విసురుతుంది. ఒఫేలియా కొలతకి బ్రా దొరకదు. కత్తెర తీస్తుంది. రెండు కోతలు. వైరు బయటికి లాగి పారేస్తుంది.

"జుట్టు ఊడిపోతోంది, ఉండు," అని ముడి సర్దబోతుంది.

ఒఫేలియా ఆ చేతిని కొట్టేస్తుంది.

గట్టిగానే.

ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుంటారు. పదకొండేళ్ళలో వెర్నా చాలామంది తల్లుల్ని చూసింది. ఆమెకి ఇంకేం చెప్పక్కర్లేదు.

"నీ జుట్టులో ఏముందో నేనడగను," అంటుంది మెల్లిగా. "కానీ దొరికితే నువ్వు ఇంక బయటికి రావు. ఈ వయసులో."

"తీసుకెళ్ళకపోతే వాడు బయటికి రాడు."

వెర్నా కళ్ళు తుడుచుకుంటుంది. స్వెట్టర్ బొత్తాలు తనే పెడుతుంది, మెడ దాకా. తర్వాత పక్కకి జరిగి దారి ఇస్తుంది.

పార్కింగ్ చివర్న పికప్. వాడు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి వాచ్ మీద వేలితో కొడుతున్నాడు.

పన్నెండూ యాభై రెండు!

పరుగు.

పారదర్శకమైన సంచిలో గుర్తింపు కార్డు, కారు తాళం, నెస్టర్‌కి విజిట్ హాల్లోని మిషన్‌లోంచి బర్గర్ కొనడానికి డాలర్ నోట్లు. ఇంకేం ఉండకూడదు. ఇంకేం లేదు... జుట్టులో తప్ప.

లైన్లో ముందు ఇద్దరున్నారు.

ఒకరు.

పన్నెండూ యాభై ఎనిమిది. కౌంటర్!

ఆఫీసర్ క్రెన్షా తల ఎత్తి నవ్వుతుంది. ఆరేళ్ళ పరిచయం. ఇవాళ ఆలస్యమైందేమని అడుగుతూ కంప్యూటర్‌లో పేరు కొడుతుంది.

ఆగుతుంది.

మళ్ళీ కొడుతుంది.

నవ్వు పోతుంది.

తెలిసిపోయిందా? ఎవరైనా చెప్పేశారా? ఒఫేలియా తలుపు వైపు చూస్తుంది.

"ఇవాళ కుదరదమ్మా," అంటుంది క్రెన్షా.

ఒఫేలియా గోడ గడియారం చూపిస్తుంది. ఒంటిగంట ఇంకా కాలేదంటుంది. ప్యాంటు చూపిస్తుంది. నీలం కాదు కదా అంటుంది. ఏం తప్పు చేశానో చెప్తే దిద్దుకుంటానంటుంది. పసిపిల్ల బతిమాలినట్టు బతిమాలుతుంది.

తప్పేం లేదు, కానీ విజిటర్ల జాబితాలో మీ పేరు లేదంటుంది క్రెన్షా. మీ అబ్బాయే తీయించేశాడంటుంది. ఖైదీ కోరితే ఎవరి పేరైనా కొట్టేస్తారు, కారణం అడగరు. పొద్దున టిఫిన్ వేళ కాగితం ఇచ్చాడు. గంట క్రితం కంప్యూటర్‌లో ఎక్కించారు.

కాగితం కాపీ తిప్పి చూపిస్తుంది.

నెస్టర్ చేతిరాత. గుండ్రంగా, ఎడమవైపు వాలి.

*ఆమెని చూడాలని నాకు లేదు.*

ఒఫేలియా ఒక్క క్షణం అది నిజమనే అనుకుంటుంది. ప్రాణం విలవిల్లాడిపోతుంది.

ఆ తర్వాత అర్థమవుతుంది.

రాత్రి వాళ్ళ ముందు సరేనన్నాడు. పొద్దున్నే లేచి, అమ్మ రాకుండా లోపల్నుంచి తలుపు వేసేశాడు. పొట్లం రాదు. అమ్మ దొరకదు. ఇంక ఏం జరిగినా వాడికే.

పిచ్చి నాన్నా... ఎంత పని చేశావురా!

ఈ కాగితం ఎవరెవరు చూశారని అడుగుతుంది. ఆఫీసులో గుమస్తాలు ఎక్కించారంటుంది క్రెన్షా. గుమస్తా పని చేసేదీ ఖైదీలే అంటుంది.

అంటే వాళ్ళకి తెలిసిపోయింది. గంట క్రితమే! బయట పికప్‌లో ఉన్న వాడికే ఇంకా తెలియదు.

"వాడిప్పుడు ఎక్కడున్నాడు?"

"మంచు తగ్గింది కదమ్మా. అందర్నీ ఆరుబయట యార్డ్‌లోకి వదిలారు."

ఒఫేలియా చెయ్యి జుట్టులోకి వెళ్తుంది. ముడి ఊడిపోయి నెరిసిన జుట్టు భుజాల మీద పడుతుంది. పొట్లం కౌంటర్ మీద పెడుతుంది. క్రెన్షా కళ్ళెదుట. కెమెరా కింద.

లైన్లో ఉన్నవాళ్ళు వెనక్కి జరుగుతారు.

"ఇది నా దగ్గర దొరికిందని రాసుకోండి," అంటుంది. "ఎన్నేళ్ళు వేస్తారో వెయ్యండి. ముందు నా కొడుకుని యార్డ్‌లోంచి తీసెయ్యండి. వాణ్ణి చంపేస్తారు."

క్రెన్షా పొట్లం ముట్టుకోదు. ఒఫేలియా ముఖంలోకి చూస్తుంది. అబద్ధం కాదని తెలుస్తుంది. చెయ్యి రేడియో మీదికి వెళ్తుంది. బటన్ నొక్కుతుంది...

ఢాం!

గోడ అవతల్నుంచి.

లైన్లో ఒక పాప ఉలిక్కిపడి ఏడుపు అందుకుంటుంది. పెద్దవాళ్ళెవరూ కదలరు. ఇక్కడికి ఏళ్ళ తరబడి వచ్చేవాళ్ళకి ఆ చప్పుడు తెలుసు. టవర్ మీది గార్డు ఊరికే కాల్చడు. కింద ఎవడో నేల మీద పడి ఉండాలి. వాడి మీద ఇంకెవడో కత్తితో ఉండాలి.

ఢాం!

సైరన్ మొదలవుతుంది. ఎవరో ఒఫేలియా చేతులు వెనక్కి విరిచి పట్టుకుంటారు. ఆమె పెనుగులాడదు. రేడియో వైపే చెవి పెట్టి నించుంటుంది.

రేడియో గరగరమంటుంది. సి యార్డ్‌కి స్ట్రెచర్ కావాలంటుంది ఒక మగ గొంతు. పడిపోయినవాడి నంబర్ చదవడం మొదలుపెడుతుంది. ఒక్కో అంకె. ఆగి ఆగి.

నాలుగు... ఏడు...

ఆరేళ్ళుగా ప్రతి ఉత్తరం మీదా, కొడుకు పేరు పక్కన, తన చేత్తో రాసిన నంబర్.

మిగిలిన మూడు అంకెలూ రేడియో కంటే ముందు ఒఫేలియానే చెప్తుంది.